బ్రెడ్డు వ్యానులో ఆఖరి పేషెంటు

“జోళ్లు విప్పి స్ట్రెచర్ కింద పెట్టాడు. కళ్లజోడు తీసి జేబులో వేసుకున్నాడు. చేతులు రెండూ పక్కన చాపుకుని తిన్నగా పడుకున్నాడు. పోదామని తీర్మానించుకున్న మనిషి కాకపోతే అంత తీరిగ్గా ఎవరు పడుకుంటారు వదినా?” అన్నాడు అల్లుడుగారు.

అంటూనే కూర్చోవడానికి కుర్చీ కోసం నాలుగు వైపులా చూశాడు. షెడ్డులో కుర్చీ లేదు. పాత టైరు ఒకటుంది గాని, దాని మీద కూర్చుంటే ప్యాంటు పాడవుతుందని నిలబడే ఉన్నాడు. అతనికి ఆ పేరు వచ్చిందే అలా. శవం లేచిన ఇంటికి వెళ్లినా సరే, ముందు కుర్చీ వేస్తారా, ఆ తర్వాత కాఫీ ఇస్తారా అని చూసే రకం. పేరు పెట్టింది అతను వదినా అంటున్న జల్లెడమ్మ భర్త. ఆయన దగ్గరే ఇతను డిటెక్టివ్ పని నేర్చుకున్నాడు, ఆయన ఇంట్లోనే అన్నం తిన్నాడు, ఆయన పోయిన నెల తిరక్కుండానే ఆఫీసుకొచ్చే కేసులన్నీ మూటగట్టుకుని బీమా కంపెనీలో చేరిపోయాడు. వరసకు మరిది, వాలకానికి అల్లుడు.

భర్త డిటెక్టివ్ ఆఫీసును ఇప్పుడు తనే నడుపుతున్న జల్లెడమ్మకు ఆ పేరు పెట్టింది మటుకు పోలీసులు. ఎవరేం చెప్పినా ఒకటికి నాలుగుసార్లు జల్లించి గాని వదలదని వాళ్ల ఎగతాళి. ఆవిడ ఏమీ అనుకోలేదు. సొంత పేరుతో పిలిచే మనిషి ఇంట్లో లేకుండా పోయాక, బయటివాళ్లు ఏ పేరుతో పిలిస్తే ఏమిటిలే అని ఊరుకుంది.

“తీరిగ్గా పడుకోవడం నేరం కాదు” అంది ఇప్పుడు. “బీమా కంపెనీకి నీ రిపోర్టు ఎప్పుడు వెళ్తోంది?”

“సాయంత్రం. స్టేషన్ అధికారి కూడా సంతకం పెట్టేస్తానన్నాడు. ఆత్మహత్య. ఆవిడతో ఒక సంతకం చేయించుకుంటే నా పని అయిపోయింది.”

ఆవిడ అంటే షెడ్డు మూల కుట్టుమిషను పక్కన నిలబడి ఉన్న ముసలామె. చనిపోయిన మేస్త్రికి ఒక్కగానొక్క చెల్లెలు.

మేస్త్రి అంటే బండి బాడీలు కట్టే మేస్త్రి. లారీలు, సరుకుల వ్యాన్లు, వెనక తొట్టి ఉన్న చిన్న బండ్లు, ఏది తెచ్చి ముందు పెట్టినా కోసి, కప్పు ఎత్తు పెంచి, లోపల స్ట్రెచర్ పట్టాలు బిగించి అంబులెన్సుగా మార్చి పంపడంలో ఒకప్పుడు ఆయన తర్వాతే ఎవరైనా. అంబులెన్సులు కంపెనీల్లోనే తయారై రావడం మొదలయ్యాక ఆ పని పోయింది. పని పోయినా మోజు పోలేదు. తన చేతి మీదుగా వెళ్లిన బండ్లను తుక్కు కొట్టుల్లో కాళ్లరిగేలా తిరిగి పట్టుకుని, ఒక్కొక్కటీ తెచ్చి మళ్లీ నిలబెట్టేవాడు. షెడ్డులో ఇప్పుడు మూడున్నాయి. ఒకటి సైన్యం వదిలేసిన లారీ, దాని వీపున నలుగురు పడుకునే చెక్క గది. ఒకటి ఒకప్పుడు దూడల్ని మోసిన తొట్టి బండి. మూడోది బ్రెడ్డు కంపెనీ వ్యాను. దానికి ఎన్ని పూతలు తెల్లరంగు వేసినా ఎండ పక్కనుంచి పడితే పాత అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఎర్ర ప్లస్ గుర్తు పక్కనే ‘ఎప్పటికప్పుడు తాజా’ అని ఉంటుంది. ఆస్పత్రివాళ్లు ఎంత మొత్తుకున్నా ఆ ముక్క మేస్త్రికి కూడా లొంగలేదట.

మేస్త్రి శవం దొరికింది అందులోనే. షెడ్డు షట్టరు కిందికి దించి ఉంది. వ్యాను ఇంజిన్ పెట్రోలు అయిపోయేదాకా నడిచి ఆగిపోయింది. ఇంజిన్ వదిలే విషవాయువు పీల్చి పోయాడని డాక్టరు తేల్చాడు. ముందు రోజు ఫోను ఎందుకు చేశాడో అని పొద్దున్నే షెడ్డుకు వచ్చి కనుక్కున్నది ఈ చెల్లెలే. ఆ మర్నాడే జల్లెడమ్మను వెతుక్కుంటూ వచ్చింది.

“నాకు హంతకుడు అక్కర్లేదమ్మా” అంది అప్పుడు. “వాడంతట వాడు పోలేదని తేలితే చాలు. ఆ సాయంత్రం నాకు ఫోను చేశాడు. నేను ఎత్తలేదు. ఎత్తనందుకే పోయాడని రాసి సంతకం పెట్టిస్తే, ఆ కాగితంతో పాటు నన్నూ తగలెయ్యాలి.”

జల్లెడమ్మ ఆ కేసు ఒప్పుకోవడానికి ఇంకేమీ అడగలేదు.

అల్లుడుగారి ఫోను మోగింది. మాట్లాడుకుంటూ బయటికి నడిచి, ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు వైపు వెళ్లాడు. ఆ వీలు చూసుకుని జల్లెడమ్మ చెల్లెలి దగ్గరికి వచ్చింది.

“ఫోను ఎప్పుడొచ్చిందో ఇంకోసారి చెప్పండి.”

“నాలుగు దాటాక. టీ పెట్టుకుంటున్నాను. పేరు చూశాను. చూసి బోర్లా పెట్టేశాను.”

“ఎన్నాళ్లయింది మాటల్లేక?”

“రెండేళ్లు.” ఆమె కుట్టుమిషను మీద దుమ్మును కొంగుతో తుడిచింది. “ఈ బండ్లన్నిటికీ పరదాలు కుట్టింది నేనే. వాడి చేతికి నా చెయ్యే సాయం. అలాంటిది, నాకు ఆపరేషన్ అయి ఆస్పత్రిలో పడుంటే మూడు రోజులు తొంగి చూడలేదు. నాలుగోనాడు వచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నారు? చేతిలో పరదా గుడ్డ. ‘ఇది ఉతికితే రంగు పోతుందేమో చూడు’ అన్నాడు. జన్మంతా అంబులెన్సులు కట్టినవాడు, సొంత చెల్లెలు మంచాన పడితే గుడ్డముక్క పట్టుకొచ్చాడు. ఆ రోజే తెంచేసుకున్నాను.”

జల్లెడమ్మ తలూపింది. అలిగిన మనుషులు ఎదుటివాడు బతికే ఉంటాడన్న ధీమాతోనే అలుగుతారని ఆవిడకు తెలుసు. తనూ భర్తతో అలా రోజుల తరబడి మాట్లాడకుండా ఉన్న కాలాలున్నాయి. ఆ రోజులన్నీ ఇప్పుడు తిరిగి వస్తే బాగుండునని చాలాసార్లు అనుకుంది.

“రండి, వ్యాను మళ్లీ చూద్దాం.”

వెనక తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి. లోపల ఎడమవైపు పట్టాల మీద స్ట్రెచర్, కుడివైపు గోడకు మడతసీటు, పైన సీసా తగిలించే కొక్కెం, డ్రైవరు వైపు గోడకు జారుడు అద్దమున్న చిన్న కిటికీ. తలుపులకు లోపలి నుంచి తీసుకునే పిడి ఉంది. జల్లెడమ్మ దాన్ని తిప్పి చూసింది. వెన్నలా తిరిగింది. కావాలంటే మేస్త్రి ఎప్పుడైనా దిగి వచ్చేసి ఉండవచ్చు. అల్లుడుగారి రిపోర్టులో మొదటి ముక్క అదే.

మడతసీటు మీద స్టీలు గ్లాసు ఉంది, సగానికి నీళ్లతో. పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. మాత్రలేవో వేసుకుని ఉంటాడని అల్లుడుగారు పొద్దున్నే చెప్పాడు. మాత్రల కాగితం ఏదని ఈవిడ అడిగితే, మింగేశాడేమో అన్నాడు. కాగితంతో సహానా అని అడిగితే నీళ్లు నమిలాడు.

జల్లెడమ్మ వంగి నేల చూసింది. పరిచిన రెగ్జిన్ షీటు మీద, సీటు కింద, నీళ్లు ఒలికి ఎండిన మరక. ఒకచోట కాదు. స్ట్రెచర్ కాలి వరకూ చుక్కలు చుక్కలుగా.

“ఈ గ్లాసు మీ అన్నయ్య నీళ్లు తాగేదేనా?”

చెల్లెలు అప్పటిదాకా వ్యాను లోపలికి తలెత్తి చూడలేదు. శవాన్ని చూసిన కళ్లు అటు పోనిచ్చుకోలేదు. ఇప్పుడు చూసింది. గ్లాసు వంక చాలాసేపు చూసింది.

“ట్రయల్ వేశాడు” అంది.

“అంటే?”

“బండి తయారయ్యాక వాడే పేషెంటు. జోళ్లు విప్పి, కళ్లజోడు తీసేసి పడుకునేవాడు. సీటు మీద అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు. బండి కింద స్ప్రింగు పట్టీలుంటాయే, ఆ లారీ కమాన్లు బరువు మోయడానికి పుట్టినవి కదమ్మా, ఒక్క మనిషిని పడుకోబెడితే గిలక్కొట్టేస్తాయి. పట్టీలు ఎన్ని ఉంచాలో ఎన్ని తీసేయాలో పడుకుంటే గాని తెలీదు అనేవాడు. ఒక చుట్టు తిప్పుకొచ్చాక గ్లాసులో ఎంత మిగిలిందో చూసేవాళ్లం.”

“తోలేదెవరు?”

“నేనే. పరికిణీలు కట్టుకునే వయసు నుంచీ నేనే.” ఆమె గొంతులో దాచుకోలేని గర్వం వినిపించింది. “నేను తోలితే చెంచాడు ఒలికితే గొప్ప. మాటలు మానేశాక పెయింటరుతో తోలించుకున్నాడని విన్నాను. ఆయన తోలితే రెండు చెంచాలు.”

పెయింటరు సంగతి జల్లెడమ్మ నిన్ననే కనుక్కుంది. కంటి ఆపరేషన్ అయి వారం నుంచీ వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉన్నాడు. కళ్లకు కట్టు ఇంకా విప్పలేదు.

“ఇందులో సగం గ్లాసు ఒలికింది” అంది జల్లెడమ్మ.

“ఎవడో తోలడం రానివాడు తోలాడు. లేకపోతే తొందరలో ఉన్నవాడు.”

“సరే. బండి తిప్పి తెచ్చి లోపల పెట్టారు. మీ అన్నయ్య లేచి రావచ్చుగా? పిడి ఉందిగా?”

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. “పేషెంటు లేవకూడదు. బండి ఆగాక తోలినవాళ్లు వెనక్కి వచ్చి, తలుపు తీసి, స్ట్రెచర్ బయటికి లాగాలి. పట్టాలు జారుతున్నాయో లేదో అప్పుడేగా తెలిసేది. అంతవరకూ ఉలకడు, పలకడు. ఒకసారి తోలుతుండగా మాటా మాటా వచ్చి, ఒళ్లు మండి, బండి ఆపేసి ఇంటికి వెళ్లిపోయాను. దీపాలు పెట్టే వేళకి గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చాను. అలాగే పడుకుని ఉన్నాడు. తలుపు తీస్తే కళ్లు కూడా తెరవకుండా, ‘ఈ పేషెంటు పోయి చాలాసేపయింది’ అన్నాడు.”

చెప్తూ చెప్తూ నవ్వింది. నవ్వుతున్నానని తెలిసి మొహం కొంగులో దాచుకుంది.

జల్లెడమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ జోళ్లు, ఆ కళ్లజోడు, ఆ చాపిన చేతులు, అన్నిటికీ అర్థం మారిపోయింది. మేస్త్రి చావడానికి పడుకోలేదు. ఎవరో వచ్చి తలుపు తీస్తారని పడుకున్నాడు. వాసన పసిగట్టి లేచే వీలు కూడా ఆయనకు లేదు. రంగులు, పెట్రోలు పీల్చి పీల్చి ఆయన ముక్కు ఏనాడో మొద్దుబారిపోయిందని చెల్లెలే మొన్న చెప్పింది.

అయినా షెడ్డు చిన్నదేం కాదు. కప్పు కింద గాలి కంతలున్నాయి. ఇంజిన్ నడిచినంత మాత్రాన మనిషి అంత త్వరగా పోతాడా అన్నది తేలలేదు.

ఆవిడ వెళ్లి డ్రైవరు సీట్లోకి ఎక్కింది. తాళంచెవి అక్కడే ఉంది. తిప్పితే చిన్న లైటు వెలిగింది, అంతే. ఇంజిన్‌ను స్టార్టు చేసే సెల్ఫ్ ఎక్కడుందో చేత్తో తడిమి తడిమి చూసింది. దొరకలేదు.

“అక్కడ వెతక్కండి” అంది చెల్లెలు కిందనుంచి. “కాలి దగ్గర, గుండ్రంగా. మడమతో తొక్కాలి. కొత్తవాళ్లు ఒక పట్టాన కనుక్కోలేరు.”

సీటు పక్కన రెండు పొడుగు పిడులున్నాయి, కవలపిల్లల్లా ఒకే తీరున. ఒకటి దించి ఉంది. ఒకటి పైకి లాగి ఉంది.

“ఇందులో హ్యాండ్‌బ్రేక్ ఏది?”

“దించి ఉన్నది. రెండోది వేడి పిడి. అది లాగితే ఇంజిన్ పొగ దారి మళ్లి నేల కింద గొట్టంలోంచి పోతుంది. చలికాలంలో వెనక పేషెంటుకు కాళ్ల కింద వెచ్చగా ఉంటుందని పెట్టాడు. ఇప్పుడెవరు వాడుతున్నారు దాన్ని?” అని ఆగింది చెల్లెలు. “బ్రేకు వెయ్యకుండా బండి వదిలేశారా? మా అన్నయ్య బండిని?”

వదిలేయలేదు. వేశాననుకున్నారు. రెండు పిడుల్లో ఒకటి లాగి, అదే బ్రేకు అనుకుని దిగి వెళ్లిపోయారు. నేల కింద ఆ పాత గొట్టం ఎక్కడైనా చిల్లి పడి ఉంటే, మేస్త్రి పడుకున్న గది నిండా పొగ నింపింది ఆ మనిషే. గొట్టం చూడాలంటే బండిని షెడ్డు మధ్యనున్న రిపేరు గొయ్యి మీదికి తేవాలి. జల్లెడమ్మ పొద్దున్నే పెట్రోలు పోయించి, బ్యాటరీ చార్జింగు పెట్టించింది అందుకే.

అల్లుడుగారు కాఫీ కప్పుతో తిరిగొచ్చాడు. ఒకే కప్పు.

“ఏం తేలింది వదినా?”

“ఆయన పోయిన రోజు నువ్వు ఇక్కడికి ఎప్పుడొచ్చావన్నావు?”

అతను కప్పు మీదనుంచి చూశాడు. “నన్నే అడుగుతున్నారా? బాగుంది. ఎగ్జిబిషన్‌కు పంపే బండ్లకు బీమా కావాలంటే చూడ్డానికి వచ్చాను. పొద్దున్నే వచ్చి, భోజనం వేళకు ముందే వెళ్లిపోయాను. నా డైరీ చూస్తారా?”

“డైరీలో నువ్వు రాసేది నాకు తెలియనిదేముంది? నడిపి చూశావా?”

“ఈ తుక్కునా? ఎక్కితే బట్టలకు మసి. బయటినుంచి ఫొటోలు తీసుకున్నాను, అంతే.” కప్పు పక్కన పెట్టాడు. “ఒక మాట చెప్పనా? అన్నయ్య ఉండగా మీరు ఇలా లేరు. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చేసేవారు. ఇప్పుడు ప్రతి కేసునూ పాకంలా సాగదీస్తున్నారు. ఇంటికెళితే పలకరించే దిక్కు లేదని.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే అది నిజం. ఆవిడ ఇంటికి వెళ్లగానే ముందు రేడియో పెడుతుంది, వినడానికి కాదు. ఇద్దరికి సరిపడా వండి, మిగిలింది మర్నాడు తింటుంది. కేసు ముగిసిన రోజున ఆవిడకు భయం వేస్తుంది. ఇదంతా ఇతనికి తెలుసు. ఒకప్పుడు ఆ ఇంట్లో మనిషిలా తిరిగినవాడు గనుక ఎక్కడ గుచ్చాలో బాగా తెలుసు.

“అవును” అంది ఆవిడ. “సాగదీస్తున్నాను. ఇంకొక్క పని చేసి పెట్టు. ఈ బండిని గొయ్యి మీదికి తీసుకురా. కింద గొట్టం చూడాలి.”

“మీరే తీసుకురండి.”

“నాకు రాదని నీకు తెలుసు.” ఆవిడ భర్త ఎంత పోరినా నేర్చుకోలేదు. ఆయన కారు రెండేళ్లుగా ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉంది.

అతను చెల్లెలి వైపు చూశాడు. “ఆ సీట్లో కూర్చోవడం నా వల్ల కాదు బాబూ” అందామె.

అల్లుడుగారు గడియారం చూసుకున్నాడు, నిట్టూర్చాడు, సీటు మీద చేతిరుమాలు పరుచుకుని ఎక్కాడు. చెల్లెలు గొయ్యి అంచున నిలబడి చెయ్యి ఊపుతూ దారి చూపిస్తోంది. జల్లెడమ్మ వెనక ఎక్కి తలుపులు దగ్గరగా వేసుకుని, గ్లాసు చేతిలోకి తీసుకుని మడతసీటు మీద కూర్చుంది. నేల అదురుతుంటే గొట్టం చప్పుడు ఎక్కడ తేడాగా ఉందో వినాలని ఆవిడ ఆలోచన.

ఇప్పుడు వెతుకుతాడు అనుకుంది. తనలాగే తాళం తిప్పుతాడు, సెల్ఫ్ ఏదండీ అని అరుస్తాడు.

తాళం తిరిగిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంజిన్ అందుకుంది.

జల్లెడమ్మ గ్లాసును గట్టిగా పట్టుకుంది. ఇతను కాకుండా ఇంకెవరైనా ఫరవాలేదని లోలోపల అనుకుంటూ వచ్చిందని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఎన్ని మాటలన్నా, లోకంలో ఇప్పుడు తనను వదినా అని పిలిచేవాడు ఇతనొక్కడే.

ముందు గదిలో పైకి లాగి ఉన్న పిడిని దించిన చప్పుడు వచ్చింది, బండి ఒక్క ఊపుతో ముందుకు దూకింది. గ్లాసులో నీళ్లు చెయ్యంతా తడిపేశాయి. గొయ్యి మీదికి రాగానే ఆగింది. ముందు గదిలో పిడి లాగిన కరకర చప్పుడు. కాసేపటికి జల్లెడమ్మ చెప్పుల కింద నేల వెచ్చబడటం మొదలైంది.

ఆవిడ లేచి జారుడు అద్దం పక్కకు తోసింది. అల్లుడుగారి మెడ వెనక భాగం, భుజం, పిడి మీద చెయ్యి కనిపించాయి. రెండోది దించే ఉంది.

“ఇంజిన్ ఆపు.”

“ఆపితే మళ్లీ అందుకోదు వదినా. బ్యాటరీ వీకు. నడవనివ్వండి.”

“బ్యాటరీకి నిండా చార్జింగు పెట్టించాను. వీకని నీకెవరు చెప్పారు?”

అతను తల తిప్పలేదు. చెయ్యి తాళంచెవి దాకా వెళ్లింది. ఇంజిన్ ఆగిపోయింది.

“సెల్ఫ్ ఎక్కడుందో కూడా ఎవరూ చెప్పలేదు” అంది జల్లెడమ్మ.

“బయటికెళ్లి మాట్లాడుకుందాం.”

“ఇక్కడే చెప్పు. నా మొహం చూడకుండా చెప్పడం నీకు తేలిక.”

అతని మెడ మీద చెమట పట్టింది.

“సాయంత్రం మళ్లీ వచ్చాను. ఫొటోలు సరిగ్గా రాలేదు. ఆయన బండిలో పడుకుని చూడాలి, కాస్త తిప్పుతావా అన్నాడు. తిప్పాను. తెచ్చి లోపల పెట్టాను. ముందే చెప్పాడు, బ్యాటరీ వీకు, ఇంజిన్ ఆపొద్దు, తర్వాత నేనే చూసుకుంటా అని. ఆఫీసునుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఈ అద్దంలోంచే ‘వెళ్లొస్తానండీ’ అన్నాను. పలకలేదు. నా డ్రైవింగుకు అలిగాడేమో అనుకున్నాను. దుమ్ము వస్తోందని షట్టరు దించి వెళ్లాను. లేచి వస్తాడనుకున్నాను వదినా. పిడి ఉందిగా. ఎవరైనా లేచి వస్తారుగా.”

“ఆయన లేవడు. తోలినవాడు వచ్చి తలుపు తీసేదాకా పేషెంటు లేవకూడదు. అది ఆయన పద్ధతి.”

“నాకెవరూ చెప్పలేదు.”

“అడగలేదు కూడా.” ఆవిడ కాస్త ఆగింది. చెప్పకపోతే అతను ఇంకొంచెం తేలిగ్గా బతుకుతాడేమో అనిపించింది. కానీ చెప్పకుండా కేసు ముగియదు. “నీ చెయ్యి దేని మీద ఉందో తెలుసా? అది బ్రేకు కాదు. పొగను నేల కిందికి పంపే పిడి. ఇప్పుడు నా కాళ్ల కింద కాలుతోంది. ఆ రోజు ఆయన వీపు కింద కాలి ఉంటుంది.”

అతను నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు. ఎప్పుడూ కుర్చీ కోసం వెతికే మనిషికి ఇప్పుడు కూర్చున్న సీటు ఇరుకైపోయినట్టు ఒదిగి కూర్చున్నాడు.

“ఆయన పోయాడని తెల్లారి కంపెనీవాళ్లు చెప్పారు” అన్నాడు చివరికి. “నేను వెళ్లాక కావాలనే పడుకుని ఉండిపోయాడని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోగా చెప్పుకోగా నిజమే అనిపించింది. రిపోర్టు అలాగే రాశాను.”

“ఆ రిపోర్టు చింపేసి స్టేషన్‌కు నడువు.”

“మీరు తోడు వస్తారా?”

“వస్తాను” అంది జల్లెడమ్మ. అనేశాక గాని తెలియలేదు, ఆవిడ ఎంత అలసిపోయి ఉందో. “ఒక్కటి చెప్పు. ఎవరిని పడితే వాళ్లని ఆ సీట్లో కూర్చోనిచ్చే మనిషి కాదు ఆయన. నిన్నెందుకు అడిగాడు?”

“ముందు ఎవరికో ఫోను చేశాడు. నా ముందే. ఆగిపోయేదాకా మోగనిచ్చాడు. జేబులో పెట్టుకుని, ‘మా చెల్లెలు ఎత్తడం లేదు. బండి తోలమంటే ఆ వంకనైనా వస్తుందనుకున్నాను’ అన్నాడు. తర్వాత, సరే నువ్వు తోలు బాబూ అన్నాడు.”

వెనక వెలుగు పడింది. జల్లెడమ్మ తిరిగి చూసేసరికి తలుపు రెక్క చేత్తో పట్టుకుని చెల్లెలు నిలబడి ఉంది. బండి ఆగింది గనుక వెనక్కి వచ్చి తలుపు తీసింది. ఎన్నేళ్లుగానో చేసిన పని, కాళ్లు వాటంతట అవే వచ్చి ఉంటాయి. ఎంతసేపటి నుంచి వింటోందో ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆ ఫోను మాట ఒక్కటీ ఆమె చెవిన పడకుండా చూడాలని జల్లెడమ్మ అప్పటికప్పుడు అనుకుంది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది.

“అయితే వాడు కావాలని పోలేదు” అంది చెల్లెలు.

“లేదమ్మా. సాయంత్రం కాగితం మీద ఆ మాట ఉండదు.”

ఆమె తలూపింది. అడిగింది ఆ మాటే, దొరికింది కూడా ఆ మాటే. తలుపు వదిలేసి, వ్యాను పక్కన చెయ్యి ఆనించుకుంటూ ముందుకు నడిచింది. డ్రైవరు కిటికీ దగ్గర ఆగింది. అల్లుడుగారు తలెత్తలేకపోయాడు.

“తిప్పుతున్నంతసేపూ ఏమన్నా అన్నాడా బాబూ?” అని అడిగింది. తిట్టడానికి వచ్చినట్టు లేదు. ఊరి నుంచి వచ్చినవాణ్ని కబురు అడిగినట్టు అడిగింది.

“అన్నాడు.” అతను స్టీరింగు వంకే చూస్తూ చెప్పాడు. “గుంత వచ్చినప్పుడల్లా తిట్టాడు. ‘మా చెల్లెలు తోలితే నిద్ర పట్టేస్తుంది, నువ్వు తోలుతుంటే నడుం విరుగుతోంది’ అన్నాడు.”

చెల్లెలు నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. కిటికీ అంచు రెండు చేతులతో పట్టుకుని, లోపల ఆ రెండు పిడుల వంక, కాలి దగ్గర గుండ్రటి సెల్ఫ్ వంక చూస్తూ ఉండిపోయింది. జల్లెడమ్మ దిగి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

“బోర్లా పెట్టిన ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను” అంది చెల్లెలు ఎవరితోనూ కాకుండా. “టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. ఎత్తి ఉంటే రెండు తిట్లు తిట్టి వచ్చేదాన్ని. వచ్చి తోలేదాన్ని. తలుపు తీసేదాన్ని.”